గేటు దగ్గర నాయన బండి

నేను రిటైరు కావడానికి ఐదు సీజన్ల ముందు, జూన్ మొదట్లో, నన్ను ల్యాబు నుంచి గేటు బాధ్యతకు మార్చారు. చిత్తూరు శివార్లలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ మాది. నా హోదా సీనియర్ క్వాలిటీ ఆఫీసర్. పైన ప్లాంటు మేనేజర్, కింద ఇద్దరు చెకర్లు. తోతాపురి కాయతో వచ్చిన ట్రాక్టర్లు టోకెన్ల వరుసలో గేటు దగ్గరికి వస్తాయి. చెకర్ బండి పైనుంచి, నడుమనుంచి, అడుగునుంచి కాయలు తీస్తాడు. నేను వాటిని కోసి, టెంక చుట్టూ పురుగు ఉందేమో చూసి, రసం చుక్కను రిఫ్రాక్టోమీటరు అద్దం మీద వేసి తీపి ఎంతో చదువుతాను. సరిపోతే బండి కాటాకు పోతుంది. లేకుంటే వెనక్కి. వెనక్కి పోయిన కాయను మండీలో అడిగేవాడుండడు.

మొదటి వారంలోనే మా చిన్నాన్న కొడుకు బండి పాసైంది. కాయ బాగుంది కాబట్టి పాసైంది. దాని వెనకాలే వచ్చిన బండిని తిప్పి పంపాను.

"రాజుగారి సుట్టాలొస్తే గేటు దానంతటదే తెరుసుకుంటాదప్పా! మన కాయ కోస్తేనే పురుగు బయటికొస్తాది" అని ఆ రైతు అరిస్తే వరుసంతా నవ్వింది. మర్నాడు ఎవరో గేటు ముందే కాయ కుమ్మరించి పోయారు. ఇంకొక గొడవ జరిగితే నన్ను గేటు నుంచి తప్పిస్తానని మేనేజర్ చెప్పాడు. తప్పించడం కంటే, పక్షపాతం చూపాడన్న పేరుతో తప్పించడం నాకు భరించరానిది. ఊరికి పోయినప్పుడు ఆ మాట ఇంట్లో ఒకసారి అన్నాను. నాయన విన్నాడు.

మాది పాళెగాళ్ల వంశం; గేటు దగ్గర నన్ను రాజుగారు అనేది అందుకే. తాత కాలానికే భూములు పోయాయి. నాయనకు మిగిలింది చిన్న మామిడి తోపు, వంగని వెన్ను. ఆయన ఎక్కడా వరుసలో నిలబడి ఎరుగడు. కాణిపాకం పోయినా క్యూలో దూరక, రోడ్డు మీది నుంచే గోపురానికి దండం పెట్టి తిరిగొచ్చేవాడు. అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం ట్రాక్టరు మీద, చేతిలో టోకెన్‌తో, ఎండలో వరుసలో కనబడ్డాడు. ఆఫీసులో కూర్చోబెట్టమని చెకర్‌ను పంపాను.

"నా నంబరు ఇంకా రాలేదప్పా" అని తిప్పి పంపాడు.

ఆయన వంతు వచ్చేసరికి రైతులంతా బండి చుట్టూ మూగారు. చెకర్ మర్యాదకు పోయి పైకాయలు మాత్రమే తీశాడు. అవి బాగున్నాయి. నాయన నా ముఖం చూడకుండా, "అడుగు కాయ గూడా తీయించండి సార్" అన్నాడు. అంతవరకూ నన్ను ఆయన 'మీరు' అని ఎరుగడు.

"ఏం పెద్దాయనా, కొడుకు మీద నమ్మకం లేదా?" అని ఎవరో ఎగతాళి చేశారు.

అడుగు కాయ కోశాను. పురుగు. మరొకటి కోశాను, అదీ అంతే. వెనక్కి తీసుకుపొమ్మన్నాను. నాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "సరే సార్" అని బండెక్కాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

కాయను చేతిలోకి తీసుకుంటేనే దాని జబ్బు చెప్పగల మనిషి ఆయన. అలాంటిది పురుగు కాయ తెచ్చి, నా పని నాకే నేర్పబోయి, పదిమందిలో నన్ను చిన్నబుచ్చాడని అనుకున్నాను. ఆ ఆదివారం ఊరికి పోతే ఆయన అడిగింది ఒక్కటే: "గేటు కాడ ఇప్పుడెట్లుండాది?" అది ఎత్తిపొడుపనుకుని, బాగానే ఉందని ముక్తసరిగా చెప్పి లేచాను. నిజానికి బాగానే ఉండింది. బండి తిప్పితే గొణిగేవాడికి పక్కవాడే సమాధానం చెప్పేవాడు: "వాళ్ల నాయన బండినే తిప్పినాడబ్బా, నీదెంత? తోలుకో." నాయన అడిగినదాన్నీ, దీన్నీ నేను కలిపి చూడలేదు. సీజన్ ముగిసేదాకా మళ్లీ ఊరికి పోలేదు. వానలు మొదలయ్యాక నాయన గుండెపోటుతో పోయాడు.

కర్మంతరం రోజున, ఆనాడు ట్రాక్టరు తోలిన మస్తాన్ నా పక్కన వచ్చి నిలబడ్డాడు. "మంచి కాయంతా ఆ పొద్దు తోపులోనే ఉండె సార్. రాలిన కాయ ఏరి అడుగున పొయ్యమన్నాడు పెద్దాయన. తిప్పి పంపిస్తారే అని నేనన్నా. 'పంపించనీరా, అందురూ సూడాల' అన్నాడు."

మా ఇంట్లో ఆస్తి పోయాక పరువొక్కటే మిగిలిందని చిన్నప్పటి నుంచి విన్నాను. దాన్ని కూడా ఒకరి కోసం ఖర్చు పెట్టవచ్చునని ఎవరూ చెప్పలేదు. ఆయన ఖర్చు పెట్టాడు. ఎందుకు పెట్టాడో అడగడానికి కూడా నేను పోలేదు.

మిగిలిన సీజన్లన్నీ గేటు దగ్గరే పనిచేశాను. కొత్తగా చేరిన చెకర్లకు మొదట చెప్పింది ఒకటే: బండి ఎవరిదైనా సరే, అడుగు కాయ తీయండి. ఆ మాట ఎవరిదో వాళ్లకు చెప్పలేదు.