బెల్లం అంటిన వేళ్ళు

చర్‌ర్‌మని ఏదో చిరిగిన చప్పుడు. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ చర్‌ర్.

కమ్మింగ్‌లో ఆదివారం మధ్యాహ్నాలు చాలా నిశ్శబ్దంగా ఉంటాయి. పక్కవీధిలో గడ్డి కోసే మిషన్ ఆగితే ఆకాశం ఒక మెట్టు కిందికి దిగినట్టుంటుంది. ఆ నిశ్శబ్దంలో, సగం ఎత్తిన గరాజ్ తలుపు కిందనుంచి ఆ చప్పుడు బయటికి పాకి వస్తోంది. ఎవరో కొత్త బట్టను కసిగా చింపుతున్నట్టుంది.

"లోపల ఎవరున్నరు? గీతా, నువ్వేనా?" రేణు ఆంటీ కారు దిగి, నడుం పట్టుకుని వంగి చూసింది.

ముందు రెండు పాదాలు కనిపించాయి, తర్వాత గీతాంజలి. సిమెంటు నేలమీద బాసింపట్టు వేసుకుని, బీపీ చూసే పట్టీలను ఒక్కొక్కటే ఊడదీసి, అంటించి, పట్టు వదిలినవాటిని పక్కకు విసిరేస్తోంది.

"రేపు తన్వికి హ్యాండోవర్ చేయాలి ఆంటీ. పాడైనవి ఇస్తే బాగోదు కదా."

అమెరికాలోని ఈ జార్జియా రాష్ట్రంలో వైద్యం చదువుతున్న తెలుగు పిల్లలకు ఒక సంఘం ఉంది. ఏడాదిపాటు గీతాంజలి దానికి ప్రెసిడెంట్. నిన్న శనివారం బాంక్వెట్‌తో ఆ ఏడాది ముగిసింది, ఇక పదవి తన్విది. దిగిపోయే ప్రెసిడెంట్ తన అనుభవాలను సావనీర్‌లో పంచుకోవడం ఆనవాయితీ. ఇక్కడ పుట్టిన పిల్లలకు తెలుగు మాట్లాడటం వస్తుంది కానీ రాయడం రాదు. అందుకని సావనీర్ చూసుకునే రేణు ఆంటీ ప్రతి వసంతంలోనూ ఇలా ఇంటికి వచ్చి, ఫోన్లో రికార్డ్ చేసుకుని, తనే రాస్తుంది.

ఆంటీ ఒక మడత కుర్చీ లాక్కుని కూర్చుంది. "చెప్పు బిడ్డా. ఈ యేడాది ఎట్ల గడిచింది? సేవ గురించి నాలుగు మంచి ముక్కలు చెప్పు. ఆఖర్ల శశికాంత్ గారికి ఒక్క లైన్ థాంక్స్. గంతే, టీ తాగి పోత."

"థాంక్స్ లేదు ఆంటీ."

"గట్లంటే ఎట్ల? కమిటీవాళ్ళు పొద్దుగాల్నుంచి ఫోన్ మీద ఫోన్. ఆయన కూడా చేసిండు." రేణు ఆంటీ గొంతు తగ్గించి, ఇంట్లోకి తెరుచుకున్న తలుపు వైపు చూసింది. "థాంక్స్ పడితే శనివారం సంగతి మర్చిపోతడట. పడకపోతే, 'ఆ పిల్ల సంగతి నాకు తెలియనిదా, రెసిడెన్సీ ఇంటర్వ్యూలు వస్తున్నయ్ కదా' అన్నడు. నేను చెప్పేది చెప్పిన. మీ అమ్మ ఇప్పుడిప్పుడే నలుగుర్లకు వస్తున్నది గీతా. జర ఆలోచించు."

గీతాంజలి చేతిలో పట్టీ ఆగింది. ఆలోచించాల్సింది అమ్మ గురించే. పట్టీ మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

*

డాక్టర్ శశికాంత్ గుండె వైద్యుడు. హస్తవాసి మంచిదే. సంఘం పుట్టినప్పటినుంచీ దానికి సలహాదారు. ప్రతి బ్యానర్ మీదా ఒక మూల ఆయన ఫొటో ఉంటుంది, స్టాంపు గుద్దినట్టు. సలహాదారుకు ఎన్నికలేవీ ఉండవు. బాంక్వెట్ చివర దిగిపోయే ప్రెసిడెంట్ మైకు దగ్గరికి వచ్చి, "అంకుల్ మళ్ళీ మాకు అడ్వైజర్‌గా ఉండాలని కోరుతున్నాం" అంటే, హాలంతా చప్పట్లు కొడుతుంది, శాలువా వస్తుంది. ఆయన పదవికి ఆ ఒక్క వాక్యమే ఆధారం.

గీతాంజలి రెండో ఏడు చివర స్టెప్ వన్ పరీక్ష ఫెయిలైంది. అది దాటితే కానీ పిల్లలు వార్డుల్లోకి అడుగుపెట్టలేరు. రిజల్టు వచ్చిన రోజు ఆమె కారులో కూర్చుని చాలాసేపు అద్దంమీద పడే వానను చూసింది. ఒక్కో చుక్కా కాస్త ఆగి, పక్క చుక్కను కలుపుకుని జారిపోయింది. ఏడుపు రాలేదు. ఇంట్లో ముగ్గురికి తప్ప ఎవరికీ తెలియదు. నాన్న మాత్రం, మంచి కోచింగ్ ఏదైనా చెబుతారేమోనని, శశికాంత్‌కి ఫోన్ చేసి చెప్పాడు. "మనలోనే ఉండనివ్వండి డాక్టర్‌గారూ" అని కూడా అన్నాడు.

ఆ నెలలోనే పక్క ఊరు అల్ఫారెట్టాలో ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతం. భోజనాల దగ్గర, చేతిలో పళ్ళెం, పళ్ళెంలో పులిహోర, చుట్టూ ముప్ఫైమంది. గీతాంజలి తల్లి గిరిజ అప్పడాలు వడ్డిస్తుంటే ఆయన నవ్వుతూ అన్నాడు: "ఏం గిరిజగారూ, అలా డల్‌గా ఉన్నారు? అమ్మాయి ఫెయిలైందనా? అందరూ డాక్టర్లే అవ్వాలని రూలేమన్నా ఉందా అండీ! ఇన్సూరెన్స్ కంపెనీల్లో బోలెడు జాబ్స్. మా ఆఫీసులో బిల్లింగ్‌కి మనిషి కావాలి కూడా!"

కొందరు నవ్వారు, కొందరు పళ్ళెంలోకి చూసుకున్నారు. గిరిజ చేతిలో అప్పడం చిట్లింది. ఆమె ఆ ముక్కల్ని కూడా వడ్డించింది. ఆ తర్వాత ఏడాదిపాటు ఏ ఇంటి పేరంటానికీ వెళ్ళలేదు. పిలుపు వస్తే, "తలనొప్పిగా ఉందండీ" అనేది. నిజంగానే నొప్పిగా ఉన్నట్టు కణత పట్టుకునేది, ఫోన్లో ఎవరికీ కనపడకపోయినా.

గీతాంజలి మళ్ళీ రాసి పాసైంది. ఆ సంగతి మాత్రం ఎవరూ పళ్ళెం పట్టుకుని చెప్పుకోలేదు.

ఆమె కోపం వేడిగా ఉండేది కాదు. ఫ్రిజ్ తలుపు గూట్లో పెట్టిన ఇన్సులిన్ సీసాలా చల్లగా, పాడవకుండా ఉండేది. ప్రెసిడెంట్ పదవికి నిలబడతానన్నప్పుడు, "నీకెందుకే ఇవన్నీ, చదువుకో" అంది గిరిజ. "ఒక్క వాక్యం చెప్పాలమ్మా, దానికోసం" అంది కూతురు. తల్లికి అర్థం కాలేదు.

ఆ ఒక్క వాక్యం చెప్పకుండా ఉండాలంటే ముందు చాలా పని ఉంది. పిల్లలందరికీ ఆయన అవసరం. ఆయన క్లినిక్‌లో నాలుగు వారాలు తన పక్కన నిలబడి పని నేర్చుకోనిస్తాడు, సిఫారసు ఉత్తరం ఇస్తాడు. ఆ అవసరం ఉన్నంతకాలం ఎవరు ఏమన్నా చప్పట్లు ఆయనకే. అందుకని గీతాంజలి డ్యూటీ లేనప్పుడల్లా కారు తీసేది. గేన్స్‌విల్ దాటి, పీచ్ తోటలు దాటి, ఊరికొక్క ట్రాఫిక్ సిగ్నలున్న చిన్న ఊళ్ళ క్లినిక్‌లకు వెళ్ళేది. "మా స్టూడెంట్స్‌ని తీసుకుంటారా?" అని అడిగేది. కొందరు తలుపే తీయలేదు. కొందరు సరేనన్నారు. శీతాకాలం వచ్చేసరికి పిల్లల్లో ఒక్కరు కూడా శశికాంత్ దగ్గరికి వెళ్ళాల్సిన పని లేకపోయింది. సీనియర్లు జూనియర్లకు మాక్ ఇంటర్వ్యూలు పెట్టారు. పరీక్ష తప్పినవాళ్ళకోసం గీతాంజలి ఎవరికీ చెప్పకుండా శుక్రవారాలు తనే పాఠం చెప్పింది. "ఇంత మంచి ఇయర్ ఎప్పుడూ లేదక్కా" అని అనుష్క అనే మొదటి ఏడు పిల్ల ఒకసారి ఆమెను కావలించుకుంది. ఆ పిల్ల భుజం మీదుగా గీతాంజలి గోడమీది బ్యానర్‌ను, దాని మూలనున్న ఆ ఫొటోను చూస్తూ ఉండిపోయింది.

ఇక మిగిలింది హెల్త్ క్యాంప్.

ఏటా గుళ్ళో క్యాంప్. అభిషేకం అయ్యాక, జనం బాగా ఉన్నప్పుడు పెట్టాలన్నది శశికాంత్ మాట. ఆయన వస్తాడు, స్టెతస్కోపు మెళ్ళో వేసుకుంటాడు, ఒక పెద్దాయన బీపీ చూస్తుండగా ఫొటో తీయించుకుంటాడు, వెళ్ళిపోతాడు. బాంక్వెట్‌లో ఏటా ఒకటే ఉపన్యాసం: "మన కమ్యూనిటీలో సగంమందికి షుగర్! మా క్యాంప్ లేకపోతే ఎవరికీ తెలిసేది కాదు!"

మొదటి ఏడు చదివేటప్పుడు గీతాంజలి ఆ క్యాంప్‌లో వేళ్ళు గుచ్చే బల్ల దగ్గర ఉంది. వెంకటస్వామి అనే పెద్దాయన, కొడుకింట్లో ఉండే మనిషి, వచ్చి చేయి చాపాడు. షుగరు మూడువందలు దాటింది. వేలు పట్టుకుంటే జిగటగా అంటుకుంది. చూస్తే, అప్పుడే ప్రసాదం వరసలోంచి వచ్చాడు. దొన్నెలోని చక్కెర పొంగలి చేత్తోనే తిని, చేయి పంచెకు తుడుచుకుని వచ్చాడు. మిషన్ చూసింది ఆయన రక్తాన్ని కాదు, వేలికంటిన బెల్లాన్ని. "తాతగారూ, చేయి కడుక్కుని రండి, మళ్ళీ చూస్తాను" అంటూనే ఉంది. ఈలోగా శశికాంత్ ఆయన భుజంమీద చేయి వేసి కెమెరా వైపు తిప్పేశాడు: "చూశారా, పెద్దాయనకి షుగరు!"

"అంకుల్, ఆయన చేతికి..."

"చిన్నపిల్లవి, నువ్వు స్ట్రిప్స్ అందించమ్మా చాలు."

ఈసారి ప్రెసిడెంట్ ఆమె. క్యాంప్‌ను గుడి తలుపులు తీసే వేళకు మార్చింది. వంటశాలలో పొంగలి ఇంకా ఉడుకుతోంది. షుగర్ బల్లకు ముందు ఒక టబ్బు, గోరువెచ్చని నీళ్ళు, సబ్బు, తువ్వాళ్ళు. వెంకటస్వామి పరగడుపున వచ్చాడు. నిక్షేపంగా ఉంది షుగరు. ఆయన మిషన్ వైపు, ఆమె వైపు చూశాడు.

"అమ్మాయ్, అయితే నేను మూడేళ్ళుగా పొద్దున్నే మెంతులు నమిలింది దేనికి?"

"డాక్టర్‌కి చూపించుకోలేదా తాతగారూ?"

"ఇన్సూరెన్స్ లేదు కదమ్మా. బిల్లెంత పంపుతారోనని భయం. కోడలు అన్నం మానిపించింది. మనవడి పుట్టినరోజుకి కేకు ముక్క కూడా పెట్టలేదు నాకు!"

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, నవ్వుతూనే. గీతాంజలి ఆయన చేయి వెంటనే వదల్లేదు. జాలితో పట్టుకుందని ఆయన అనుకున్నాడు. జాలి లేకపోలేదు. కానీ అంతకంటే ముందు, ఏడాదిగా వెతుకుతున్నది దొరికినట్టు, ఆమె లోపల ఏదో కుదురుకుంది. "తాతగారూ, బాంక్వెట్‌కి తప్పకుండా రావాలి. ముందు వరసలో కూర్చోబెడతాను" అంది.

శనివారం శశికాంత్ ఎప్పటిలాగే ఉపన్యాసం ఇచ్చాడు. సగంమందికి షుగర్. చప్పట్లు. తర్వాత గీతాంజలి మైకు దగ్గరికి వచ్చింది. శాలువా మడత విప్పి ఇద్దరు పిల్లలు రెడీగా నిలబడ్డారు.

"ఈ ఇయర్ మేము చేతులు కడిగించి చూశాం" అంది ఆమె. "షుగర్ ఉన్నవాళ్ళ నంబర్ చాలా తగ్గిపోయింది. అంకుల్ ఇన్నేళ్ళుగా కనిపెట్టింది మన చక్కెర పొంగలిని."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. అప్పుడు మొదటి వరసలో వెంకటస్వామి లేచి, ఏ కల్మషమూ లేని గొంతుతో అడిగాడు: "శశికాంత్ గారూ, మరి నా మెంతుల సంగతేమిటండీ?"

హాలు పగలబడి నవ్వింది. ఆడవాళ్ళు కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు. వెనక వరసలో ఎవరో "మెంతులు! మెంతులు!" అని అరిచారు. శశికాంత్ కూడా నవ్వబోయాడు, కుదరలేదు. ఆ ముఖం ఎర్రబడటాన్ని గీతాంజలి సూర్యోదయాన్ని చూసినట్టు తీరిగ్గా చూసింది. నవ్వు ఆగేదాకా ఆగి, "అంకుల్ చాలా ఏళ్ళు కష్టపడ్డారు. ఇక రెస్ట్ తీసుకుంటారు" అని మైకు తన్వికి ఇచ్చేసింది. శాలువా పట్టుకున్న పిల్లలు దాన్ని ఏం చేయాలో తెలియక మళ్ళీ మడిచారు.

ఇంటికి వస్తూ కారులో, హైవే దిగే దగ్గర గిరిజ, "ఇంకాసేపు నవ్వనివ్వాల్సింది. తొందరపడి ఆపేశావు" అంది.

*

"అన్నీ చెప్పినవ్ గానీ, సేవ అనే మాట ఒక్కసారన్నా అనలేదు" అంది రేణు ఆంటీ. ఫోన్ ఆపలేదు.

"సేవ కాదు కదా ఆంటీ. కోపంతో చేశాను. క్లినిక్స్, ఫ్రైడే క్లాసెస్, అన్నీ."

"మంచి పనే అయింది కదనే పిల్లా!"

"అయింది. అయినా కోపంతోనే చేశాను."

రేణు ఆంటీ నుదురు కొట్టుకుంది. "సరే. థాంక్స్ పెట్టకుంటే ఆయన ఊరుకోడు. నీ ఫెయిలైన ముచ్చట మళ్ళ ఊరంతా తిప్పుతడు. ఆడ టెక్సస్ల, ప్లేనోల ఉన్న ఆయన చుట్టాల దాకా పోతది. ఇంటర్వ్యూల సంగతేమో?"

"వాళ్ళకి ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఎలాగూ కనిపిస్తుంది ఆంటీ. దాచేది లేదు." గీతాంజలి ఇంటి తలుపు వైపు చూసింది.

గిరిజ అక్కడే ఉంది. ఎప్పుడు వచ్చిందో, మూడు కప్పుల ట్రే పట్టుకుని, టీ మీద మీగడ కట్టేదాకా నిలబడే ఉంది. వ్రతంనాటిలాగే ఆమె ముఖం ఒక్క క్షణం పాలిపోయింది. గీతాంజలి లేవలేదు. తల్లి ఈ పంతం వద్దంటే ఆ ఒక్క లైను పెట్టేద్దామనుకుంది. ఈ ఏడాదిలో ఆమె దేనికైనా తలవంచడానికి సిద్ధపడింది అప్పుడే.

గిరిజ మెట్టు దిగి వచ్చి ట్రేను వాషింగ్ మెషీన్ మీద పెట్టింది.

"థాంక్స్ లేదు రేణూ," అంది. "నా పిల్ల ఏం చెబితే అది వెయ్యి. కింద నా పేరు కూడా వెయ్యి. ఎవరి కూతురో తెలియాలి అందరికీ."

"గిరిజక్కా, నువ్వు కూడనా!" రేణు ఆంటీ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత టీ మీద మీగడ వేలితో తీసి పక్కన పెట్టి, ఫోన్‌ను గీతాంజలికి దగ్గరగా జరిపింది. "సరే బిడ్డా. ఆఖరి లైన్ ఏం రాయమంటవ్?"

గీతాంజలి గొంతు సవరించుకుంది.

"నేను ఫస్ట్ టైమ్ ఫెయిలయ్యానని రాయండి ఆంటీ, నా ఫొటో కిందే, పెద్ద అక్షరాల్తో. ఇకమీదట ఆ మాట నలుగురికీ చెప్పే సంతోషం ఆయనకి మిగలకూడదు."