రాజేశం గిరక తిరిగింది... నాది ఆగింది

మా చిన్నప్పుడు... నస్పూర్‌లో మా బడికి ఒకరోజు బొగ్గుబాయి, అదే బొగ్గుగని, ఇంజనీరు గారు జీపులో వచ్చారు. అరవైల మొదట్లో మాట. ఇంజనీరంటే మాకు జీపు దిగే దొర, అంతే. ఆ పని మనం కూడా చదివి చేయొచ్చని మాకు మొదట చెప్పింది ఆయనే.

"బాయిలోకి మనుషుల్ని దింపే పెద్ద చక్రం చూశారుగా? అలాంటిది చిన్నది మీరే చేసి తీసుకురండి. దసరా నాడు బాయి దగ్గర పూజయ్యాక చూస్తాను. బాగా చేసినవాడు ఆదివారాలు మా వర్క్‌షాపుకు వచ్చి పని నేర్చుకోవచ్చు" అన్నారు.

ఒక్కడికే ఆ అవకాశం... ఆ రోజు నుంచి నాకు అన్నం సయించలేదు.

మా నాన్న, మేం బాపు అనేవాళ్ళం, మగ్గం మానేసి బాయి పనికి వచ్చిన మనిషి. ఇంట్లో నూలు చుట్టే పాత కండెలు మిగిలాయి. వాటితో గిరక చేశాను. మనుషులు దిగే బోనుకు అగ్గిపెట్టె, తాడుకు నూలుపోగులు... పక్కింటి రాజేశం డబ్బా మూతలతో చేశాడు. వాడిది కిర్రుకిర్రుమనేది, నాది చప్పుడు లేకుండా తిరిగేది. గొప్పకు చెప్పడం లేదు... సరే, గొప్పకే చెప్తున్నాను!

దసరా పొద్దున స్నానం చేసి వచ్చేసరికి మా అమ్మ, అదే మా అవ్వ, బాపు పార పక్కన నా గిరకను కూడా పీట మీద పెట్టేసింది. పసుపు, కుంకుమ, పైన బంతిపువ్వు...

"అవ్వా, గిదేందే! సారుకు తిప్పి చూపియ్యాలె!"

"పూజల వెట్టినదాన్ని ఇయ్యాల తిప్పుతరారా? తీస్కపో, చూపియ్యి. తిప్పుడు మాత్రం రేపే."

బాపు వైపు చూశాను. "గంత పెద్ద బాయి చక్రమే ఇయ్యాల ఆగుతది కొడకా... నీదెంత?" అన్నాడు.

దసరా నాడు మా ఇంట్లో మగ్గం ఆడించినవాళ్ళు లేరు. నేను కూడా తిప్పనని మాటిచ్చాను.

రాజేశం గడుసుపిండం. వాళ్ళవ్వ కంట పడకుండా ముందురోజే గిరకను గడ్డివాములో దాచాడు. దానికి బొట్టు లేదు, పువ్వు లేదు... బాయి దగ్గర అందరి ముందు కిర్రుకిర్రుమని తిప్పాడు. చప్పట్లు మోగాయి.

ఇంజనీరు గారు నా దగ్గరికి వచ్చారు. "తిప్పు బాబూ."

"ఇయ్యాల తిప్పద్దు సార్... పూజల వెట్టినం. రేపు తిప్పుత."

"తిరగని చక్రాన్ని చూసి నేనేం చెప్పనయ్యా?" అని నవ్వి, వెళ్ళి రాజేశం భుజం మీద చెయ్యి వేశారు. ఆయన వెనకాలే బాయి ఇంజను బంతిపూల దండ వేసుకుని నిలబడి ఉంది. పైన పెద్ద చక్రం కదలడం లేదు. దాన్ని తిప్పమని ఎవరూ అడగలేదు.

తెల్లారి నా గిరక తిప్పాను. ఎంత బాగా తిరిగిందో... చూసింది అవ్వ ఒక్కతే. "అబ్బ, ఎంత మంచిగ తిరుగుతుందిరా!" అని మురిసిపోయింది. నాకు ఏడుపొచ్చింది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం రాజేశం చేతులకు గ్రీజు పూసుకుని, కావాలనే కడుక్కోకుండా మా వాకిలి ముందు నుంచి పోయేవాడు. నా కడుపు భగ్గుమనేది. వాడు ఇంజనీరయ్యాడు. నేను లెక్కల మాస్టరునై ఏళ్ళ తరబడి పిల్లలకు గిరకల పాఠం చెప్పాను... బోర్డు మీద బొమ్మ గీసి.

ఇప్పుడు కంపెనీలవాళ్ళే బళ్ళకు సామాను తెచ్చి ప్రాజెక్టులు చేయిస్తున్నారు. మొన్న దసరాకు మా మనవరాలు తను చేసిన చిన్న క్రేను తెచ్చి, "తాతా, దీనికీ బొట్టు పెడదామా?" అంది. "పెడదాం బిడ్డా... ముందు ఒకసారి తిప్పి చూపించు" అన్నాను. తిప్పింది. చప్పుడు లేకుండా తిరిగింది. నేనొక్కడినే చప్పట్లు కొట్టాను, చేతులు నొప్పి పుట్టేదాకా.

అయినా రాజేశం మీద కుళ్ళు మాత్రం పోలేదు... మీ చిన్నప్పుడు కూడా ఒక రాజేశం ఉండే ఉంటాడు. కింద రాయండి. జర నా కడుపుమంట చల్లారుతుంది.