బేస్తవారం పొద్దున వస్తానన్నది ఎవరు?

దయ్యాలూ గియ్యాలూ నేను నమ్మను. నమ్మడానికి వీల్లేదు కూడా. హిందూపురం నాటకాల్లో పదేళ్లు దయ్యం వేషం కట్టింది నేనే. మొహానికి పూసుకునే సుద్దా బొగ్గూ నా చేత్తో నేనే నూరుకున్నవాణ్ణి, ఇంక దేనికి జడుస్తాను? కానీ యుద్ధం రోజుల్లో ధర్మవరం స్టేషన్లో ఎదురైన సంగతి ఒకటుంది. జరిగింది జరిగినట్టు చెప్తాను.

అంతకుముందు మద్రాసులో ఒక టాకీలో నాకు పెద్ద వేషమే దొరికింది. చదువూ సంధ్యా లేకుండా ఆకుపసర్లతో ఊరందరికీ వైద్యం చేసే దొంగ వైద్యుడి వేషం. మొదటి సగంలో జనం నా కాళ్లకు మొక్కుతారు. రెండో సగంలో గుట్టు బయటపడి చీపుర్లతో తరుముతారు. ఆ చీపురు దెబ్బలు మాత్రం నిజమైనవే, వీపు నాది కదా.

మా సీమ యాస నా నోట్లోంచి ఊడగొట్టడానికి అక్కడివాళ్లు పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. ఒక్కసారి "యాడికి" అన్నందుకు పూటంతా చివాట్లు పెట్టారు. చివరికి సినిమాలో నా మాటలన్నీ పుస్తకంలో అచ్చేసినట్టు వచ్చాయి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

సినిమా సరిగా ఆడలేదు. నాకు ఇంకో వేషం ఇచ్చినవాడూ లేడు. మూటాముల్లె సర్దుకుని ఇంటికి బయల్దేరాను. మంగళవారం చేరవలసినవాణ్ణి గుంతకల్లులో బండి తప్పిపోయి, రెండు రోజులు అక్కడే పడుండి, బేస్తవారం పొద్దున ధర్మవరం వచ్చాను. గురువారాన్ని మేం అలాగే అంటాం. వస్తున్నట్టు ఇంటికి ఉత్తరమైనా రాయలేదు. ఏ మొహం పెట్టుకుని రాస్తాను? ఇంజనుకు నీళ్లు పడుతుంటే కాఫీ తాగుదామని దిగాను.

దిగీ దిగగానే ఒకావిడ ఎదురొచ్చింది. వెనకే ఆమె మొగుడు, కుడిచేతి పిడికిలి బిగించుకుని.

"వచ్చినావా సామీ! పొద్దు పొడవకముందే వచ్చి కూచోనుండాం."

అతను పట్టుచీరలు నేసే మనిషి. నెల కిందట మగ్గం గుంటలో, కాళ్ల దగ్గరే, పాము కనబడిందట. ఆ భయానికి బిగుసుకున్న పిడికిలి మళ్లీ విప్పుకోలేదు. చీర సగంలో ఆగిపోయింది. ఆదివారంలోగా నేసి ఇవ్వకపోతే మగ్గం ఇంకొకరికి ఇచ్చేస్తానని షావుకారు చెప్పేశాడు. నేత తప్ప మరో పని ఎరగని మనుషులు వాళ్లు.

నన్ను ఎలా గుర్తుపట్టారో కాసేపటికి అర్థమైంది. వారం కిందట ఆ ఊరి టూరింగు టాకీసు డేరాలోకి నా సినిమా వచ్చింది. సగంలో సోడాలు అమ్ముకోవడానికి దీపాలు వేసేసరికి, ఆట అయిపోయిందనుకుని వీళ్లు లేచి ఇంటికి వెళ్లిపోయారు! చీపుర్ల సంగతే చూడలేదు.

"అమ్మా, అది వట్టి యేసం. నాకు వైద్యం రాదు తల్లీ" అని మొత్తుకున్నాను.

"యేసమో గీసమో, చెయ్యి పట్టుకో సామీ. రమ్మనింది నువ్వే గదా!"

నేనెప్పుడు రమ్మన్నానని అడిగితే ఈసారి మొగుడు నోరు విప్పాడు. సినిమాలో పసరు నూరుతూ నూరుతూ నేను తలెత్తి అతనికేసి చూశానట. "బేస్తవారం పొద్దున బండికి వస్తాండా, టేసన్ కాడికి రాప్పా" అన్నానట.

అలాంటి మాట సినిమాలో అన్న గుర్తే లేదు నాకు. కానీ ఆమె కళ్లు చూశాక తప్పించుకోబుద్ధి కాలేదు. సినిమాలో చేసినట్టే అతని చెయ్యి మోచేతి నుంచి కిందికి నిమరడం మొదలుపెట్టాను. మంత్రం రాదు గనుక నాటకం పద్యం ఒకటి ఎత్తుకున్నాను. రాగం మొదలైతే మనవాళ్లు ఊరుకుంటారా? ప్లాట్‌ఫారం మీద సోడాలు అమ్మేవాడితో సహా అందరూ చుట్టూ మూగి "వన్స్ మోర్" అన్నారు. రెండోసారి పాడుతుండగా అతని చిటికెన వేలు కదిలింది. తర్వాత ఉంగరం వేలు. కాసేపటికి అరచెయ్యంతా విప్పుకుంది.

ఆ సంతోషంలో అతను నా చెయ్యి పట్టుకుని నొక్కిన నొక్కుడుకు నా ఎముకలు పటపటమన్నాయి. ఆమె ఏడుస్తూ నవ్వింది. నేనూ ఏడ్చాను, సిగ్గేముంది? ఈ సందట్లో బండి నా ట్రంకుపెట్టెతో సహా హిందూపురం వెళ్లిపోయింది.

చీర శనివారానికే అయిపోయిందనీ, మగ్గం వాళ్లింట్లోనే నిలిచిందనీ తర్వాత కబురొచ్చింది.

చెయ్యి బాగవడం నాకు వింత కాదు. భయంతో బిగుసుకున్నది ఒక్కోసారి అలాగే వదులుతుందని పెనుకొండలో ఒక డాక్టరు చెప్పాడు. సరే, నమ్మాను. మరి నేను రమ్మన్న మాట సంగతేమిటి?

డేరా పెనుకొండకు మారాక వరసగా మూడు ఆటలు చూశాను. పసరు నూరే చోట నేను తలెత్తనే తలెత్తను, నోరు మెదపను. మెదిపినా ఆ యాసను మద్రాసువాళ్లు ఉండనిస్తారా? మిషను తిప్పే అతన్ని అడిగితే, ఫిల్ములో ఒక్క ముక్క కూడా కొయ్యలేదని తల్లి మీద ఒట్టేశాడు. మా ఆవిడతో చెప్తే, "నీ నోరు నీ మాట ఎప్పుడు ఇనింది గనక!" అని నవ్వింది.

ఇన్నేళ్లయినా ఏమీ తేల్చుకోలేకపోయాను. కానీ బేస్తవారం ధర్మవరం మీదుగా పోవలసి వస్తే, కాఫీ అక్కర్లేకపోయినా బండి దిగుతాను. ట్రంకుపెట్టె చేత పట్టుకునే దిగుతాను. ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒకసారి నడిచి, కూర్చున్నవాళ్ల చేతులకేసి చూసి వస్తాను. ఇంకా ఎవరెవర్ని రమ్మన్నానో నాకేం తెలుసు?