వాచ్‌మన్ చనిపోతాడని అన్న చెప్పేసిన రోజు

మా చిన్నప్పుడు... పురసవాక్కంలో మా ఇంటి ముందుగదిలో నాయన బోర్లా పడుకుని ఉన్నాడు. ముఖం మంచం అంచు దాటి నేలవైపు వంగి ఉంది. ఛాతీ కింద చుట్టలా చుట్టిన తుండుగుడ్డ. కింద జంబుఖానా మీద కూర్చుని నేను పుస్తకం చదువుతున్నాను.

నాయన ఒక బట్టల షాపులో లెక్కలు రాసేవాడు. కుడికంటి లోపలి పొర ఊడిందని ఆపరేషన్ చేశారు. కంట్లో గ్యాస్ బుడగ పెట్టారట... అది పొరను నొక్కి పట్టాలంటే రెండు వారాలు తల ఎత్తకూడదట. ఎడమ కన్ను అప్పటికే మసక. ఇది కూడా పోతే షాపు లేదు, మాకు ఇంకో ఆధారమూ లేదు.

రెండో రోజుకే ఆయనకు పిచ్చెక్కింది. టీవీ లేదు, పేపర్ లేదు... గచ్చు తప్ప ఏమీ కనబడదు. "లేస్తా, నా వల్ల కాదు" అంటుంటే ఏం చేయాలో తోచక, అప్పుడు నేను చదువుతున్న ఇంగ్లీషు పుస్తకం తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. డ్రాగన్లు, మంచుకోటలు, మంత్రగత్తెలు... ఏడు చిన్న చిన్న భాగాల కథ. అంతకుముందు వాటిని 'దెయ్యాల పుస్తకాలు' అని తిట్టిన మనిషే!

అందులో యుద్ధంలో చూపు పోయిన ఒక ముసలి సిపాయి ఉంటాడు. అడుగుల చప్పుడు విని, వచ్చేది ఎవరో చెప్పి కోట తలుపు తీస్తాడు. అతని పేరు నాయన నోటికి తిరగలేదు. 'మన వాచ్‌మన్' అని పెట్టుకున్నాడు. పొద్దున్నే అదే ప్రశ్న... "పాపా, మన వాచ్‌మన్ ఏమయినాడు?"

సాయంత్రం కాలేజీ నుంచి శీనన్న రాగానే కథ మీద వాదన మొదలయ్యేది. అన్న మాకంటే ఎప్పుడూ ఒక పుస్తకం ముందుండేవాడు. అందుకే అమ్మ ఒక షరతు పెట్టింది... ముందు జరిగేది ఎవరూ చెప్పకూడదు.

తొమ్మిదో రోజు మేము ఆరో భాగం చివరికి వచ్చాం. శత్రువులు కోటను చుట్టుముట్టారు.

"వాణ్ణి మాత్రం చంపడు" అన్నాడు నాయన. "వాడు పోతే తలుపు ఎవుడు చూస్తాడు?"

"మనకు ఇష్టమైనోళ్ళనే చంపుతాడు నాయనా ఆ రాసేటాయన" అన్నాడు అన్న.

"నీకేం తెలుసు రా? కళ్ళు లేవని చంపేస్తాడా? కళ్ళు లేకుంటే మనిషి ఎందుకూ పనికిరాడా?"

ఆయన గొంతు మారింది. నేను అన్న చేయి గిల్లాను. అన్న ఆగలేదు.

"తెలుసు! లెండింగ్ లైబ్రరీలో నిలబడి ఆఖరి పుస్తకం చదివేసినా. చచ్చిపోతాడు. ఆ తలుపు కాడనే చచ్చిపోతాడు!"

నాయన ఒక్క ఊపున లేచి కూర్చున్నాడు. తల పైకెత్తి, "బయటికి పో రా!" అని అరిచాడు.

వంటింట్లోంచి అమ్మ పరిగెత్తుకొచ్చింది. "అయ్యో, పండుకోండి! తల దించండి!" ఇద్దరం పట్టుకుని ఆయన్ని మళ్ళీ బోర్లా తిప్పాం. ఆయన మెల్లగా అమ్మతో అన్నాడు... "కంట్లో ఏందో నల్లగా కదిలింది, రాజీ."

అమ్మ ఆస్పత్రికి ఫోన్ చేసింది. కదలకుండా పడుకోబెట్టి, పొద్దున్నే తీసుకురమ్మన్నారు. ఆ రాత్రి ఎవరమూ అన్నం ముట్టలేదు. అన్న మెట్ల మీదే కూర్చుండిపోయాడు. ఆ పుస్తకం ఇంట్లోకి తెచ్చింది నేను కదా అని నాకు భయం... దాన్ని బియ్యం డబ్బా వెనక దాచాను.

పొద్దున ఆటోలో నాయన తల అమ్మ ఒడిలో బోర్లా ఉంది. నేను ముందు, డ్రైవర్ పక్కన ఇరుక్కుని కూర్చున్నాను. అన్న వెనకే బస్సులో వచ్చాడు, కానీ మా దగ్గరికి రాలేదు. వరండా చివర నిలబడ్డాడు. లోపల పరీక్ష ఎంతసేపటికీ అవదు... అమ్మ చీరకొంగు మెలిపెడుతూనే ఉంది.

డాక్టరమ్మ బయటికి వచ్చి, పొర అతుక్కునే ఉందని, కదిలింది బుడగ అంచేనని చెప్పింది. మమ్మల్ని బాగా తిట్టింది కూడా. ఆ తిట్లు వింటూ అమ్మ ఏడ్చేసింది. వరండా చివర అన్న గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు.

ఇంటికొచ్చాక మధ్యాహ్నం నాయన పిలిచాడు. "శీనా... ఆ ఏడో పుస్తకం తెచ్చి నువ్వే చదువు."

"అంతా చెప్పేసినా గదా నాయనా..."

"ఏమయిందో చెప్పినావు. ఎట్ట అయిందో చెప్పలా."

అన్న సైకిల్ మీద వెళ్ళి తెచ్చాడు. మూడు రోజులు చదివాడు. కోటలోని పిల్లలందరినీ లోపలికి పంపి, వాచ్‌మన్ బయటే ఉండి తలుపు మూయించే చోట అన్న అదే వాక్యాన్ని రెండుసార్లు చదివాడు. నాయన కన్నీళ్ళు తిన్నగా గచ్చు మీద టపటపా రాలాయి. అమ్మ కంగారుపడి, "చాలు రా, ఆపు" అంది.

"చదవనీ" అన్నాడు నాయన. "వాడు కళ్ళున్నోళ్ళ కంటే బాగా చూసినాడు రా."

రెండు నెలల తర్వాత, మందపాటి కళ్ళద్దాలతో నాయన మళ్ళీ షాపుకు వెళ్ళాడు. వాచ్‌మన్‌ని చంపడం తప్పా ఒప్పా అని వాళ్ళిద్దరూ ఏళ్ళ తరబడి పోట్లాడుకున్నారు... పండగ భోజనాల దగ్గర కూడా.

ఇప్పుడు అన్న మాధవరంలో ఉంటాడు, నేను ఇంకో చోట. ఏ సిరీస్‌లో ఎవరు చచ్చిపోయారో పొద్దున్న లేచేసరికి ఫోన్‌లో ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు చెప్పేస్తున్నారు. చదివి, కాస్త తిట్టుకుని, పైకి జరిపేస్తాం... అంతే. కోపం తెచ్చుకోవడానికి కూడా పక్కన మనిషి ఉండాలి కదా!

మీ ఇంట్లో ఏ కథలో ఎవరి చావు మీద పోట్లాడి మాటలు మానేశారు? చెప్పండి... ముగింపు బయటపెట్టినా నేనేమీ అనుకోను.