ఒక్క గుంత కూడా ఖాళీ ఉంచని సుజాత షీటు

2023 వానాకాలం మొదట్లో చేవెళ్ల దగ్గరి ఒక కూరగాయల నారు నర్సరీ నుంచి ఫోన్ వచ్చింది. మొయినాబాద్‌లో నాది కంప్యూటర్ రిపేరు షాపు. నర్సరీ యజమాని మల్లారెడ్డి ఒక్కటే మాట: "కంప్యూటర్ సచ్చినట్టున్నది అన్నా, జర వచ్చిపో."

నేను వెళ్లేసరికి షాబాద్ రైతులు ఆటోలు ఆపుకుని నిలబడ్డారు. ఎవరి టమాటా నారు ఏ ట్రేల్లో ఉందో, నాటడానికి సిద్ధమైందో లేదో ఎక్సెల్ షీటు చెప్పాలి. చెప్పడానికి పన్నెండు నిమిషాలు తీసుకుంటోంది. ఒక్క పేరు మారిస్తే మళ్లీ పన్నెండు.

ఆ షీటు తయారుచేసింది అక్కడే పనిచేసే సుజాత. ట్రేలకు నీళ్లు పడుతూనే, ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకుంది. "సోమవారం నుంచి పుస్తకంలనే రాసుకుందం. నువ్వు మళ్ల పైపు పట్టుకో," అన్నాడు మల్లారెడ్డి. ఆమె తల దించుకుంది. నాకు బాధేసింది.

కొత్త కంప్యూటర్ అంటగడితే నాకు లాభమే. కానీ కొలవకుండా కత్తెర వేసే రకాన్ని కాను. స్టాప్‌వాచ్ పెట్టి ఒక్కో కాలమ్‌ను విడిగా లెక్క చేయించాను. పదకొండు నిమిషాలు ఒకే ఒక్క కాలమ్ తినేస్తోంది. అందులో ఉన్నది లుకప్, అంటే రైతు పేరును జాబితాలో వెతికి వివరాలు తెచ్చే ఫార్ములా. రైతులు ఆరువందల మంది. ఫార్ములా ఉన్నది అరవైవేల వరసల్లో, మిగతావన్నీ ఖాళీవే. ఒక్కోటీ మళ్లీ అరవైవేల వరసలు వెతుకుతోంది. గుణిస్తే మూడువందల అరవై కోట్ల పోలికలు. పాపం, ఆ పాత కంప్యూటర్ ఇంకా బతికుండటమే గొప్ప.

"ఫార్ములాను ఇంత కిందికి ఎందుకు గుంజినవ్ చెల్లె?" అని అడిగాను.

"ట్రేల గింజ ఏసే గుంత ఒక్కటి ఖాళీ ఉన్నా సారు ఊకోడు. గందుకే అన్ని నింపిన," అంది సుజాత.

మల్లారెడ్డి తల గోక్కున్నాడు. నేను చెప్పాను, ఖాళీ వరసల్లోని ఫార్ములాలు చెరిపింది సుజాతే. ఆరువందల వరసలు మిగిలాయి. ఈసారి మీట మీద వేలు తీసేలోపే జవాబొచ్చింది. బయట ఆటోలు కదిలాయి, పైపు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

అప్పటినుంచి నత్తనడక షీటు ఏది వచ్చినా ముందు కొలుస్తాను. తర్వాత, దాన్ని రాసిన మనిషి రోజూ చేసే పనేమిటో అడుగుతాను.

మొన్న వెళ్తే సుజాత కంప్యూటర్ ముందు కుర్చీలోనే ఉంది. మల్లారెడ్డి వెనక నిలబడి, "కింద గింత జాగ ఖాళీ పెట్టినవేంది?" అన్నాడు.

"ఇది నారు కాదు సారు," అంది సుజాత తల తిప్పకుండానే. "ఖాళీ ఉంటేనే ఉరుకుతది."