లేసులు లేని బూట్లు

మా అమ్మమ్మ గ్లఫీరా తిఖోనొవ్నాకు భయం వెయ్యనిదంటూ లోకంలో లేదు. పిల్లి ఎదురైతే భయం. కిటికీ సందులోంచి గాలి వస్తే భయం. ఫోను మోగితే ముందు దాని మీద దిండు పెట్టేది, ఆ తర్వాత నన్ను పిలిచేది. తలుపు వెనక కొక్కేనికి ఎప్పుడూ ఒక గుడ్డసంచి వేలాడేది. అందులో ఉన్ని మేజోళ్ళు, సబ్బుబిళ్ళ, ఎండబెట్టిన రొట్టెముక్కలు, చక్కెర గడ్డలు. ఎవరైనా వచ్చి "బయల్దేరు" అంటే చేతికి అందేలా ఉండాలట. నలభై ఏళ్ళుగా ఎవరూ రాలేదు. చక్కెర మాత్రం నేను తినేసేదాన్ని. ఆవిడ నన్ను తిట్టి, సంచిలో మళ్ళీ నింపేది.

ఇంత పిరికి మనిషికి ఉద్యోగమేమో కొత్తవాళ్ళ ముందు నిలబడి మాట్లాడడం. వోల్గా నది మీద వచ్చే ఓడల్లోంచి దిగిన వాళ్ళకు మా స్తారొల్యేస్క్ ఊరు చూపించేది. ఏం చెప్పాలో ముప్ఫై ఒక్క పేజీల్లో టైపు చేసి, పర్యాటక కార్యాలయం వాళ్ళు ముద్ర వేసి ఇచ్చారు. అందులో ఒక్క మాట పెరగకూడదు, ఒక్క మాట తగ్గకూడదు. జనానికి ముఖం కనిపించాలి కాబట్టి ఆవిడ వెనక్కి నడుస్తూ చెప్పేది. ఒకసారి మురుగుగుంతలో కాలు పడింది. అప్పటినుంచి నాకు సెలవున్న రోజుల్లో ఆవిడ నడుం బెల్టు వెనకనుంచి పట్టుకుని, "మెట్టు", "గుంత", "పిల్లి" అంటూ లాక్కెళ్ళేదాన్ని. పిల్లి లేకపోయినా అనేదాన్ని.

"ఎనిమిదో తరగతితో బడి మానేసి ట్రామ్‌లో టికెట్లు చింపేదానివి, నువ్వు నాకు దారి చూపిస్తావా!" అనేది.

"పడితే నీ ముక్కే పగులుతుంది అమ్మమ్మా, నాదేం పోయింది!"

చేపల వీధిలో పాతకాలపు వర్తకుడి పసుపురంగు ఇంటి దగ్గరికి రాగానే ఆవిడ మాట ఆపి, వంగి, బూటు లేసు కట్టుకునేది. ఆవిడవి జిప్పు బూట్లు. లేసులే లేవు. "మతి పోయిందే నీకు" అని నేను నవ్వేదాన్ని. ఆవిడ లేచి మళ్ళీ వెనక్కి నడక మొదలుపెట్టేది.

ఒక సెప్టెంబరులో కార్యాలయం నుంచి పోర్ఫిర్యెవ్ అనే తనిఖీ అధికారి వచ్చాడు. చేతిలో అవే ముప్ఫై ఒక్క పేజీలు, చెవి మీద పెన్సిలు. అమ్మమ్మ చెప్పే ప్రతి వాక్యానికీ ఒక టిక్కు పెడుతూ గుంపు వెంట నడిచాడు. గంటస్తంభం దగ్గర టిక్కు. తాళ్ళ కర్మాగారం దగ్గర టిక్కు. చేపల వీధి మలుపు తిరిగేసరికి నా చేతిలోని బెల్టు వణకడం మొదలైంది.

"చలా?" అన్నాను మెల్లగా.

"నోర్ముయ్యి తోస్యా. గట్టిగా పట్టుకో."

పసుపు ఇంటి ముందు వంగింది, జిప్పు మీద వేళ్ళు ఆడించింది, లేచింది. "ఇక పడవలరేవు వైపు..." అంది.

"ఆగండి గ్లఫీరా తిఖోనొవ్నా" అన్నాడు పోర్ఫిర్యెవ్. "పద్నాలుగో పేజీలో ఒక వాక్యం వదిలేశారు. 'ఈ ఇంటి నేలమాళిగలో వర్తకుడు ఉప్పు నిల్వ చేసేవాడు.' చెప్పండి."

చెబితే ఆవిడ గైడు బ్యాడ్జి ఉంటుంది, చెప్పకపోతే పోతుంది. ఆ సంగతి నాకూ తెలుసు. నేను వెనకనుంచి గొణిగాను: "చెప్పెయ్యవే. ఉప్పే కదా!"

"పంతొమ్మిదేళ్ళుగా ఆ ముక్క చెప్పలేదయ్యా" అంది అమ్మమ్మ. "ఎవరూ పట్టుకోలేదు. మీరు పట్టుకున్నారు."

"ఒక్క వాక్యం. చెప్పేసి ముందుకు పోదాం." అతని గొంతులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

అమ్మమ్మ గోడ కింద నేలకు జానెడెత్తున ఉన్న కిటికీ వైపు చూసింది. దానికి ఇనుప చువ్వలు.

"పంతొమ్మిది వందల ముప్ఫై ఎనిమిదిలో మా ఆయన యెమెల్యాన్‌ను అరెస్టు చేసి ఇందులో పెట్టారు. లోపలి నుంచి చూస్తే మనుషులు కనపడరు, బూట్లే కనపడతాయి. ఇక్కడ నిలబడితే తరిమేసేవాళ్ళు. లేసు ఊడిందంటే మాత్రం ఊరుకునేవాళ్ళు. అందుకని ఎడమ బూటుకు ఎర్ర లేసు వేసుకుని రోజూ వచ్చి కట్టుకున్నాను. ఈ తోస్యా వాళ్ళమ్మ అప్పుడు నా కడుపులో ఉంది, వంగడానికి ప్రాణం పోయేది. ఆయన రెండు వేళ్ళు చువ్వల్లోంచి బయట పెట్టేవాడు. పదకొండు రోజులు. పన్నెండో రోజు పెట్టలేదు."

అమ్మమ్మ మళ్ళీ పోర్ఫిర్యెవ్ వైపు తిరిగింది.

"ఉప్పుందేమో నాకు తెలీదు. నేను చూడలేదు. చూడనిది చెప్పలేను."

పోర్ఫిర్యెవ్ పెన్సిలు కాగితం మీదికి దించాడు. ఏదో రాశాడు, టిక్కు కంటే పొడుగ్గా. "పడవలరేవుకు పదండి" అన్నాడు. రేవు దగ్గర అమ్మమ్మ మిగతా పదిహేడు పేజీలూ ఒక్క మాట పోకుండా చెప్పింది. ఓడ కదిలాక బ్యాడ్జి అడిగి తీసుకున్నాడు.

మూడు రోజులు మేము తలుపు చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నాం. లిఫ్టు మా అంతస్తులో ఆగితే నేను కూడా ఊపిరి బిగబట్టేదాన్ని. ఇక నవ్వడం నా వల్ల కాలేదు. సంచిలో చక్కెర నిండుగా ఉందో లేదో నేనే రెండుసార్లు చూశాను.

నాలుగో రోజు అమ్మమ్మ సంచి దింపి నా ముందు గుమ్మరించింది.

"మేజోళ్ళు నువ్వు వేసుకో. ట్రామ్‌లో కాళ్ళు గడ్డకడతాయి."

"మరి వాళ్ళొస్తే?"

"చెప్పాల్సింది చెప్పేశాను కదే. వస్తే రానీ, ఉత్త కాళ్ళతో పోతా."

ఆ సబ్బుతోనే నా తల రుద్దింది. కళ్ళు మండి అరిచాను. అప్పుడే ఫోను మోగింది. అమ్మమ్మ సబ్బు చేతులతోనే పరిగెత్తి దాని మీద దిండు పెట్టింది.