తెరిచిన తడిక

గోడ ముందు నిలబడితే నవనీత ఎడమ కన్ను మూస్తుంది. కుంచెను మోచేతికే తుడుచుకుంటుంది. వెనక్కి అడుగేసి చూసుకున్నప్పుడల్లా, చిన్నప్పుడు గొర్రెల్ని అదిలించిన అలవాటు పోక, నాలుకతో టకటకమని చప్పుడు చేస్తుంది. సముద్రాన్ని ఎన్నడూ చూడలేదు. వికారాబాద్‌లో కౌశిక్ తన కొత్త హోటల్ గోడ మీద, ఎప్పుడో కడలిలో మునిగిపోయిందని చెప్పుకునే ఖండం బొమ్మ వెయ్యమంటే, నీళ్ళకోసం తడిసిన తాండూరు నాపబండ నీలిబూడిద రంగు కలిపింది. స్తంభాలు, మేడలు, కిటికీల్లో దూరే చేపలు, అన్నీ అతను ఫోన్‌లో చూపినట్టే వచ్చాయి. అయినా ఆమె రంగుడబ్బాలు సర్దలేదు.

ఆమె చిన్నతనంలో కాగ్నా వాగు పొంగి, తడిక కట్టేసిన దొడ్డిలోనే వాళ్ళ గొర్రెల మందంతా మునిగిపోయింది. ఆ తర్వాత తండ్రి ఊరికే కూర్చున్నా, ఆయన వేళ్ళు లేని ముడిని విప్పుతూనే ఉండేవి.

"అయిపోయినట్టే గదా?" అన్నాడు కౌశిక్.

"జర ఆగున్రి సేటు." మేడల వెనక ఓ మూలన ముళ్ళకంప దొడ్డి గీసింది. దాని తడికను బార్లా తెరిచి ఉన్నట్టు వేసింది.

కౌశిక్ వంగి చూశాడు. "దొడ్డి ఖాళీగున్నదేంది? గొర్లేవి?"

"నీళ్ళు రాకముందే ఇడిసిపెట్టిన," అంది నవనీత, కుంచె మోచేతికి తుడుచుకుంటూ.